ఇంటి పన్ను ఎవరి జీతానికి?

భీమవరంలోగానీ అమలాపురంలోగానీ ఇంటి పన్ను నోటీసు రాగానే టీకొట్ల దగ్గర వినబడే మాట ఒకటే: "మనం కట్టేదంతా ఉద్యోగుల జీతాలకీ పెన్షన్లకే సరిపోతోంది." ఒకప్పుడు ఇది నిజమే. ఇప్పుడు ఎంత నిజమో తెలియాలంటే పాత లెక్కలు కాస్త తిరగెయ్యాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా రైతుకు పన్నంటే శిస్తూ (భూమి పన్ను), నీటి తీరువా. వసూలు చేసేది ఊరి లెక్కలు రాసే కరణం, ఊరి పెద్ద మునసబు. గ్రామ నౌకర్లకు జీతం బదులు ఇచ్చిన ఈనాం భూములుండేవి. అవి చాలవని మద్రాసు ప్రభుత్వం 1864లో గ్రామ సెస్సు చట్టం తెచ్చింది: శిస్తు రూపాయికి అణా (పదహారో వంతు) మించకుండా వసూలు చేసి, దాంతో గ్రామోద్యోగులకు జీతాలిచ్చేందుకు. ఊరి పన్నుతో ఊరి ఉద్యోగి బతకడమంటే అదీ.

ఆ లంకె తెగింది 1984 జనవరిలో. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోయింది, మంచిదే. ఊరి లెక్కలు రాసే బాధ్యత మాత్రం రాష్ట్ర ఖజానా జీతగాళ్లకు మారింది. పంచాయతీరాజ్ టీచర్లకూ మున్సిపాలిటీ రెగ్యులర్ సిబ్బందికీ కూడా క్రమంగా "010 పద్దు" అనే రాష్ట్ర జీతాల ఖాతా కింద ట్రెజరీ నుంచే జీతాలు రావడం మొదలైంది.

కాబట్టి పెన్షన్ గొడవ నడిచేది పురపాలక కార్యాలయంలో కాదు, రాష్ట్ర రాజధానిలో. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ పోయి సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం) వచ్చింది. మూల వేతనం, డీఏ (కరువు భత్యం) మీద ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 10 శాతం. దాన్ని రద్దు చేస్తామన్న హామీ 2023లో జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ స్కీం) చట్టం దగ్గర ఆగింది. 1983లో 55కి తగ్గించి, ఆ తర్వాత మళ్లీ 58కి తెచ్చిన పదవీ విరమణ వయసు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. ఈ చివరి పెంపుతో ఒకేసారి చెల్లించాల్సిన రిటైర్‌మెంటు సొమ్ము రెండేళ్లు వెనక్కి జరిగిందని నిరుద్యోగులే కాదు, లెక్కలు తెలిసినవాళ్లూ అన్నారు. ఆ ఖజానాలో మన పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్ల డబ్బు ఉంటుంది. ఇంటి పన్ను ఉండదు.

2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల జీతాలూ రాష్ట్రానివే. పంచాయతీల పరిస్థితి వేరు: కేంద్ర ఆర్థిక సంఘం నిధులను రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిల కింద మళ్లించిందని 2021లో సర్పంచులు రోడ్డెక్కారు.

మరి నోటీసులో అంకె ఎందుకు పెరిగింది? 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో పన్నుకు అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువను (స్థలం, కట్టడం ధరను) ఆధారం చేశారు. ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుతామన్నారు. అయితే కొత్త లెక్క ప్రకారం రావాల్సిన మొత్తం చేరేదాకా ఏటా పెరగాల్సిందే. కాలవ గట్టు పక్క పాత పెంకుటిల్లైనా, స్థలం ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. అద్దె పెరగకపోయినా సరే. నా దృష్టిలో అసలు ఫిర్యాదు ఇక్కడుండాలి.

మున్సిపాలిటీ సొంత డబ్బుతో నిజంగా జీతం తీసుకునేవాళ్లు చాలావరకు తెల్లారకముందే చీపురు పట్టే ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికులు. వాళ్లకు పాత పెన్షనూ లేదు, జీపీఎస్సూ లేదు. 2023 డిసెంబరు చివర జీతాలు పెంచమని సమ్మెకు దిగితే రాష్ట్రమంతటా పట్టణాల్లో చెత్త పేరుకుపోయింది. అప్పటికే ఇళ్ల దగ్గర నెలనెలా వసూలవుతున్న చెత్త పన్ను 2024 చివర్లో రద్దయింది. ఆ వీధులు ఊడ్చే ఖర్చు మాత్రం మున్సిపాలిటీ పద్దులోనే ఉంది.