డ్రెస్డెన్ లెక్కలో ఒక సున్నా

పిల్లలూ,

పోయిన ఆదివారం మీరు ఫోన్లో అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో తేలే సంగతి కాదది. అందుకే ఈ ఉత్తరం.

ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద జరిగిన బాంబు దాడిలో 2 లక్షల మందికి పైగా చనిపోయారని ఉందనీ, లైబ్రరీ పుస్తకంలో 25 వేలనే ఉందనీ అన్నారు. పెద్దవాడు ఇంకో మాట కూడా అన్నాడు. "చరిత్ర రాసేది గెలిచినవాళ్లే కదా తాతయ్యా, కావాలనే తగ్గించి ఉంటారు" అని. ఆ అనుమానం రావడం మంచిదే. అయితే అనుమానం దగ్గరే ఆగిపోకుండా దాని వెంట కొంచెం దూరం నడవాలి. నేను నడిచినంత మేర చెబుతాను.

1945 ఫిబ్రవరి 13, మంగళవారం రాత్రి. ఎల్బే నది ఒడ్డున ఉన్న డ్రెస్డెన్ మీదికి బ్రిటిష్ విమానాలు రెండు దఫాలుగా వచ్చాయి. మొత్తం దాదాపు 800. మర్నాడూ, ఆ మర్నాడూ అమెరికా విమానాలు వచ్చాయి. పాత పట్టణమంతా ఒకే మంటగా మారింది. నేలమాళిగల్లో దాక్కున్న వాళ్లలో చాలామంది గాలి అందక అక్కడే ప్రాణాలు వదిలారు. ఊరి నడుమ ఆల్ట్‌మార్క్ట్ అనే సంత మైదానం ఉంది. అక్కడ ఇనుప దూలాలు పేర్చి 6,865 శవాలను దహనం చేశారు.

ఆ అంకె చివర 5 ఉంది, చూశారా? అంత వినాశనంలోనూ ఎవరో కూర్చుని లెక్క పెట్టారన్నమాట. గుర్తు తెలియని శవాల బట్టల నుంచి చిన్న ముక్క కత్తిరించి కార్డుకు జత చేసేవారు. లోపల పేర్లు చెక్కిన పెళ్లి ఉంగరాలు తీసి భద్రపరిచేవారు. ఏనాటికైనా ఓ తల్లో, చెల్లెలో వచ్చి ఆ గుడ్డ ముక్కను గుర్తు పడుతుందేమోనని. డ్రెస్డెన్ గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువ కదిలించింది మంటలు కాదు, ఈ కార్డులు.

ఇక అంకె సంగతి. మార్చి నెలలో ఊరి పోలీసు అధికారులు తయారుచేసిన నివేదికలో అప్పటికి దొరికిన మృతులు 20,204 అనీ, మొత్తం 25,000 దాకా ఉండవచ్చనీ ఉంది. ఆ రెండు అంకెలనూ కాగితం మీద రాసి, ఒక్కోదాని చివర ఒక సున్నా పెట్టండి. 2,02,040 అవుతుంది. 2,50,000 అవుతుంది. మీ పాత పుస్తకంలో ఉన్నది ఆ మొదటి అంకే. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ శాఖ ఆ రోజుల్లోనే యుద్ధంలో లేని దేశాల పత్రికలకు 2 లక్షలన్న మాట చేరవేసింది. సున్నా చేర్చిన నకలు ప్రతి ఒకటి చేతులు మారుతూ తర్వాతి కాలానికి వచ్చింది.

దాన్ని పుస్తకంలోకి ఎక్కించినవాడు డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత. 1963లో డ్రెస్డెన్ మీద ఆయన పుస్తకం వచ్చినప్పుడు అందులో ఉన్న అంచనా 1,35,000. జనం విపరీతంగా చదివారు. ఆ రాత్రి యుద్ధఖైదీగా డ్రెస్డెన్ కబేళా కింద తలదాచుకుని బతికిన అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ కూడా 1969 నాటి తన నవలలో ఆ 1,35,000నే వాడాడు. మొదటి ముద్రణ వచ్చిన తరువాత ఇర్వింగ్‌కు ఆ సున్నా చేర్చిన నకలు ప్రతి దొరికింది, దాన్నీ తన పుస్తకంలో చేర్చాడు. 1966లో పోలీసుల అసలు లెక్కలు బయటపడ్డాయి. అప్పుడు ఆయనే లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసి వాటి సంగతి ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన్ని నేను గౌరవించేవాణ్ణి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ 1990ల్లో కూడా లక్ష, అంతకు మించి అని చెబుతూనే వచ్చాడు. ఈలోగా 1977లో, ఆ రాత్రి కుర్రవాడిగా డ్రెస్డెన్‌లోనే ఉన్న గోట్జ్ బెర్గాండర్, సున్నా లేని అసలు ప్రతిని వెలుగులోకి తెచ్చాడు.

ఇదంతా కోర్టు దాకా ఎలా వెళ్లిందో చెప్పాలి. అమెరికన్ ప్రొఫెసర్ డెబోరా లిప్‌స్టాట్ 1993లో రాసిన పుస్తకంలో, యూదుల మారణహోమం జరగలేదని వాదించేవాళ్లలో ఇర్వింగ్ పేరు రాసింది. ఆయన లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. బ్రిటన్ చట్టం ప్రకారం తను రాసింది నిజమని రుజువు చేసుకోవాల్సిన భారం రచయిత మీదే పడుతుంది. ఆవిడ తరఫున చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్, ఇద్దరు పరిశోధక విద్యార్థులు కూర్చుని, ఇర్వింగ్ పుస్తకాల్లో ఆధారాలు చూపే నోట్స్‌ను ఒక్కొక్కటిగా పట్టుకుని అసలు పత్రాల్లో ఏముందో వెతికారు. రెండేళ్లు పట్టింది. ఎంత ఓపిక ఉండాలో ఆలోచించండి! 2000 ఏప్రిల్ 11న జడ్జి చార్లెస్ గ్రే తీర్పు చెప్పాడు. ఇర్వింగ్ కావాలనే సాక్ష్యాలను వక్రీకరించాడని, డ్రెస్డెన్‌లో లక్ష మందికి పైగా అనడానికి ఏ ఆధారమూ లేదని తేల్చాడు.

గెలిచినవాళ్లే తగ్గించారన్న మాటకు వద్దాం. ఆఖరి లెక్క తేల్చినవాళ్లు బ్రిటిష్ వాళ్లు కాదు. 2004లో డ్రెస్డెన్ నగరమే చరిత్రకారుల కమిషన్ వేసింది. శ్మశానాల రిజిస్టర్లు, మరణాల నమోదు పుస్తకాలు తిరగేశారు, బతికి ఉన్న వృద్ధులను అడిగారు. మనుషులు బూడిద కూడా మిగలకుండా కాలిపోయి ఉంటారేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి నేలమాళిగల ఇటుకలు ఎంత వేడికి గురయ్యాయో పరీక్షించారు. 2010లో చెప్పారు: గరిష్ఠంగా 25,000. తమ సొంత ఊరి లెక్క అది. యుద్ధం తర్వాత డ్రెస్డెన్‌ను పాలించిన తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం అమెరికా, బ్రిటన్‌ల మీద కోపంతో ఏళ్ల తరబడి డ్రెస్డెన్‌ను ప్రచారానికి వాడుకుంది, అయినా అధికారికంగా చెప్పింది 35,000 మాత్రమే.

25 వేలంటే తక్కువా? మన మండల కేంద్రమంతా కలిపితే అంతమంది ఉంటారు. పెద్ద అంకెను పట్టుకుని వేలాడేవాళ్లకు ఆ చనిపోయినవాళ్ల మీద ప్రేమేమీ లేదు. ప్రతి ఫిబ్రవరి 13నా డ్రెస్డెన్ వీధుల్లో నియో నాజీలు, అంటే ఈ కాలపు హిట్లర్ అభిమానులు, ఊరేగింపు తీసేవారు. నాజీలు చేసినదానికీ దీనికీ సరిపోయిందని అనిపించడమే వాళ్లకు కావలసింది. వాళ్లకు అడ్డంగా ఊరి జనం చేతులు పట్టుకుని మానవహారం కడుతున్నారు.

నాజీ కాలపు ఘోరాలను బయటపెట్టేవాళ్ల వైపు నుంచీ తప్పులు జరిగాయి, అదీ తెలియాలి. 1995లో మామూలు జర్మన్ సైన్యం చేసిన ఘోరాల మీద జర్మనీలో ఒక ఫొటో ప్రదర్శన మొదలైంది. కొన్ని ఫొటోల కింద రాసింది తప్పని చరిత్రకారులు పట్టుకున్నారు. నిర్వాహకులు 1999లో దాన్ని ఆపేసి, బయటివాళ్లతో పరీక్ష చేయించుకుని, 2001లో సరిచేసిన కొత్త ప్రదర్శన పెట్టారు. అసలు విషయం మాత్రం నిలబడింది. ఇర్వింగ్‌కూ వీళ్లకూ ఉన్న తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకొకాయన గురించి చెప్పి ముగిస్తాను. విక్టర్ క్లెంపరర్ అని డ్రెస్డెన్‌లో ప్రొఫెసర్. యూదు కుటుంబంలో పుట్టాడు, భార్య ఎవా యూదురాలు కాదు కాబట్టి అప్పటిదాకా బతకనిచ్చారు. ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది, పిల్లిని పెంచుకునే హక్కు కూడా పోయింది. అయినా రహస్యంగా డైరీ రాశాడు. ఆ ఫిబ్రవరి 13 పగలు ఆయన చేసిన పని, ఊళ్లో మిగిలిన కొద్దిమంది యూదులకు తరలింపు నోటీసులు పంచడం. దాని అర్థం చావేనని అందరికీ తెలుసు. రాత్రికి బాంబులు పడ్డాయి. గందరగోళంలో ఇద్దరూ విడిపోయారు, మళ్లీ నది పక్కన కలుసుకున్నారు. ఎవా చిన్న చాకు తీసి యూదులని గుర్తు పట్టడానికి నాజీలు పెట్టుకోమన్న పసుపుపచ్చ నక్షత్రాన్ని ఆయన కోటు మీద నుంచి కోసేసింది. ఆ మంటల వల్ల ఆయన బతికాడు. అవే మంటల్లో వేలమంది పోయారు. రెండూ ఒకే రాత్రి, ఒకే ఊళ్లో. ఆ డైరీలు 1995లో అచ్చయ్యాయి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ రెండు పుస్తకాలూ తీసుకురండి. ఒక్కో అంకె పక్కన చిన్న నంబరు వేసి ఉందేమో, ఉంటే అది చివర ఏ పేజీకి తీసుకెళ్తుందో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య