వంకర ఇటుక గోడకు జిప్సం బోర్డు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గోడ ఎంత వంకరున్నా, బోర్డు వెనక అతికించే అడ్హెసివ్ ముద్ద కాస్త మందంగా పెడితే సరిపోతుంది.

వాస్తవం: ముద్దకు హద్దుంది. జిప్సం అడ్హెసివ్‌తో అతికించేటప్పుడు ముద్ద మందం 10 నుంచి 25 మి.మీ. మధ్యే ఉండాలి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న 12.5 మి.మీ. బోర్డు దాదాపు 25 కిలోలు తూగుతుంది. 25 మి.మీ. కంటే మందంగా పెట్టిన ముద్ద గట్టిపడేలోపే ఆ బరువుకు జారుతుంది.

అందుకే బోర్డు ఆర్డర్ చేసేముందే గోడ కొలవాలి. పైనుంచి తూకంగుండు వదలండి, అడ్డంగా దారం లాగండి. గోడ మొత్తంలో అన్నిటికంటే ముందుకొచ్చిన ఉబ్బు ఎక్కడుందో పట్టుకోండి. లెక్కంతా దాని మీదే. ఆ ఉబ్బు దగ్గర ముద్ద 10, బోర్డు 12.5, మొత్తం 22.5 మి.మీ. అంత ముందుకు నేల మీద ఒక గీత, సరిగ్గా దాని గుండుకే సీలింగ్ మీద ఇంకో గీత కొట్టండి. బోర్డు ముఖం ఈ రెండు గీతలకే తగలాలి. గోడను నమ్మి బోర్డు పెట్టకండి.

ఇప్పుడు లోతైన గుంట చూడండి. ఉబ్బు కంటే 14 మి.మీ. లోపలుంటే అక్కడ ముద్ద 24 వస్తుంది, పనవుతుంది. 20 లోపలుంటే 30 అవుతుంది, కుదరదు. ఉబ్బును ఉలితో చెక్కాలి, లేదా గుంటను ముందే ప్లాస్టర్‌తో నింపి ఆరనివ్వాలి. రెండూ వీలుకాకపోతే ముద్దలు మానేసి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) చానెల్ ఫ్రేముకి వెళ్లడమే మేలు. చానెళ్లు 600 మి.మీ.కి ఒకటి నిలువుగా, వాటిని గోడకు పట్టే బ్రాకెట్లు 800 మి.మీ. మించని దూరంలో. గదిలో కనీసం అంగుళంన్నర పోతుంది. పోనివ్వండి, గోడ నిలబడుతుంది.

అపోహ: బోర్డు వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు చాలు.

వాస్తవం: నాలుగడుగుల బోర్డుకి నిలువు వరుసలు సుమారు 400 మి.మీ. దూరంలో రావాలి. ఒక్కో ముద్ద జానెడుకు కాస్త ఎక్కువ పొడవు, 50-75 మి.మీ. వెడల్పు. గోడ అంచుల చుట్టూ, కిటికీల చుట్టూ, స్విచ్ బాక్సుల చుట్టూ మాత్రం తెగకుండా పట్టీలా పెట్టాలి. లేకపోతే వెనక గాలి ఆడుతుంది, పురుగులు చేరతాయి. బోర్డు కింద 10-15 మి.మీ. చెక్కముక్కలు పెట్టి నేల నుంచి ఎత్తండి, ముద్ద గట్టిపడ్డాక తీసేయండి. ఆ సందు స్కర్టింగ్ వెనక దాగుతుంది. సందు వదలకపోతే ఇల్లు కడిగిన ప్రతిసారీ బోర్డు అడుగు నీళ్లు పీలుస్తుంది.

అపోహ: బోర్డు కప్పితే చెమ్మ పోతుంది. పచ్చ బోర్డయితే భయమే లేదు.

వాస్తవం: ఈ నమ్మకమే ఎక్కువ గోడల్ని పాడుచేస్తోంది. పచ్చ బోర్డు గదిలోని తేమను కొంత తట్టుకుంటుంది, అంతే. ఇటుకలోంచి వచ్చే నీటిని ఆపదు. ముందు అడుగున్నర పాలిథీన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. పాలిథీన్‌కు గోడవైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడదే. పైపు లీకో, బయటి పగులో, పునాది నుంచి ఎక్కే నీరో కనుక్కొని బాగుచేసి, గోడ ఆరాకే బోర్డు.

పెచ్చులు లేచిన రంగు, పాత సున్నం కూడా గీకేయాల్సిందే. ముద్ద రంగుకు గట్టిగానే పట్టుకుంటుంది, కానీ రంగే గోడను వదిలేస్తుంది. వేలితో కొట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చే ప్లాస్టర్‌ది కూడా అదే దారి.

అపోహ: ముద్దలూ ఫ్రేమూ ఎందుకు, నేరుగా ఇటుకలోకి స్క్రూలు బిగిస్తే పోలేదా?

వాస్తవం: బిగించేకొద్దీ బోర్డు గుంటలోకి వంగుతుంది. వంకర గోడ వంకర బోర్డవుతుంది, స్క్రూ చుట్టూ చిట్లుతుంది.

అపోహ: జాయింట్ మీద వాల్ పుట్టీ కొట్టేస్తే చాలు.

వాస్తవం: వైట్ సిమెంట్ పుట్టీ ఆ పనికి కాదు. జాయింట్ కాంపౌండ్ వేసి, తడిగా ఉండగానే పేపర్ టేప్ అద్ది, ఆరాక ఇంకో రెండు పూతలు, ఒకదానికంటే ఒకటి వెడల్పుగా. ఫ్రేము పనిలో స్క్రూ తల కాగితం చిరగకుండా ఒక వెంట్రుకంత లోపలికి దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే, రెండంగుళాల పక్కన ఇంకోటి వేయండి.