కెనడా చరిత్ర: క్లాసులో నాకు రోజూ ఎదురయ్యే అపోహలు, అసలు సంగతులు

టొరంటో చుట్టుపక్కల పౌరసత్వ పరీక్షకు తయారయ్యేవాళ్లకు కెనడా చరిత్ర చెప్పడం నా పని. వాళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉంటారు. పరీక్షలో 20 ప్రశ్నలు, 15 సరిగ్గా రాస్తే గట్టెక్కినట్టే. తేదీలు బట్టీ కొడితే సరిపోతుంది. క్లాసు అయ్యాక అడిగే ప్రశ్నలు మాత్రం వేరు. వాటన్నిటి వెనకా ఒకటే నమ్మకం కనిపిస్తుంది: ఈ దేశం మొదట్నుంచీ ఇలాగే మంచిగా ఉంది, హక్కులన్నీ ప్రభుత్వమే పిలిచి ఇచ్చింది అని. ఆ నమ్మకంతోనే నాకు పేచీ. ఇక్కడ మనం అనుభవిస్తున్నవాటిలో చాలావాటి కోసం ఎవరో జైలుకెళ్లారు, కోర్టుకెక్కారు, పదవి పోగొట్టుకున్నారు.

అపోహ: 1867 జులై 1న కెనడాకు స్వాతంత్ర్యం వచ్చింది.

మన ఆగస్టు 15తో పోల్చుకుంటే లెక్క తప్పుతుంది. ఆ రోజు ఆంటారియో, క్యూబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ కలిసి ఒక డొమినియన్ (బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ లోపలి వ్యవహారాలు తానే చూసుకునే దేశం) అయ్యాయి, అంతే. ఆ చట్టం చేసింది లండన్ పార్లమెంటు. 1914లో బ్రిటన్ యుద్ధం ప్రకటించగానే కెనడాను ఎవరూ అడగకుండానే కెనడా కూడా యుద్ధంలో ఉన్నట్టయింది. 1931లో వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం వచ్చాకే ఆ పరిస్థితి మారింది. 1947 జనవరి 1 దాకా చట్టంలో కెనడా పౌరుడంటూ విడిగా లేడు, అందరూ బ్రిటిష్ ప్రజలే. కేసుల్లో చివరి తీర్పు కోసం 1949 దాకా లండన్ వైపే చూడాలి. తన రాజ్యాంగాన్ని తానే మార్చుకునే అధికారం 1982 ఏప్రిల్ 17న గానీ చేతికి రాలేదు. దానికీ క్యూబెక్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈనాటికీ ఆ అంగీకారం లేదు, అయినా ఆ రాజ్యాంగం క్యూబెక్‌కు వర్తిస్తూనే ఉంది.

అపోహ: బానిసత్వం, నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడం అమెరికా గొడవ. కెనడా వాళ్లకు ఆశ్రయమిచ్చింది.

ఆశ్రయమిచ్చిన మాట నిజమే. అమెరికా నుంచి వేలమంది తప్పించుకుని ఇక్కడికి చేరారు. కానీ అంతకుముందు ఫ్రెంచి పాలనలోనూ, తర్వాత బ్రిటిష్ పాలనలోనూ ఇక్కడే మనుషుల్ని కొన్నారు, అమ్మారు. మాంట్రియల్‌కు నిప్పు పెట్టిందన్న నేరం మీద మేరీ-జోసెఫ్ ఆంజెలిక్ అనే నల్ల బానిస మహిళను 1734లో ఉరితీశారు. ఇప్పటి ఆంటారియోలో 1793లో వచ్చిన చట్టం కొత్త బానిసల్ని తేవడాన్ని ఆపిందే గానీ, అప్పటికే బానిసలుగా ఉన్న ఒక్కరినీ విడిపించలేదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు కూడా 25 ఏళ్లు వచ్చాకే స్వేచ్ఛ. పూర్తిగా పోయింది 1834 ఆగస్టు 1న, బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికీ వర్తించిన చట్టంతో.

ఇక వేరుగా కూర్చోబెట్టడం సంగతి. పది డాలర్ల నోటు మీద ఉన్నావిడ వయోలా డెస్మండ్. హాలిఫాక్స్‌లో సొంత బ్యూటీ పార్లర్ ఉన్న నల్లజాతి మహిళ. 1946 నవంబరులో కారు చెడిపోయి న్యూ గ్లాస్గోలో ఆగిపోయి, అక్కడ సినిమాకెళ్లింది. కింది అంతస్తు టికెట్ అడిగితే, నల్లవాళ్లను కూర్చోబెట్టే బాల్కనీ టికెట్ ఇచ్చారు. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి కిందే కూర్చుంది. తేడా డబ్బు ఇస్తానన్నా తీసుకోలేదు. ఈడ్చి బయటపడేశారు, రాత్రంతా లాకప్‌లో ఉంచారు. కేసులో జాతి అన్న మాటే ఎత్తలేదు. కింది టికెట్‌కూ బాల్కనీ టికెట్‌కూ వినోదపు పన్నులో ఒక్క సెంటు తేడా ఉంది, ఆ సెంటు ఎగ్గొట్టిందని నేరం మోపారు. ఖర్చులతో కలిపి 26 డాలర్ల జరిమానా. ప్రావిన్సు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో, ఆవిడ పోయిన 45 ఏళ్లకు. అన్యాయం ఎప్పుడూ బోర్డు పెట్టుకుని రాదని చెప్పడానికి నేను క్లాసులో ఆ నోటే తీసి చూపిస్తాను.

అపోహ: కెనడా ఎప్పుడూ అందరికీ తలుపులు తెరిచే ఉంచింది.

మనవాళ్లు గట్టిగా నమ్మేది ఇదే. నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే, ఎందుకంటే ఆ తలుపు వేసింది మన మొహం మీదే.

ముందు చైనావాళ్లు. పసిఫిక్ రైలుమార్గం వేయడానికి సుమారు 15,000 మందిని తెచ్చుకున్నారు. 1885లో దారి పూర్తయింది. అదే ఏడాది చైనావాళ్ల మీద 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903కల్లా అది 500 డాలర్లయింది. 1923లో చైనావాళ్ల రాకనే దాదాపుగా నిషేధించారు. 1947 దాకా భర్త ఇక్కడ, భార్యాపిల్లలు అక్కడ.

మన విషయంలో అలా బాహాటంగా చేయలేకపోయారు. భారతీయులూ బ్రిటిష్ ప్రజలే కదా, పేరు పెట్టి నిషేధిస్తే సామ్రాజ్యానికి తలనొప్పి. అందుకే 1908లో ఒక నిబంధన తెచ్చారు: పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒకే టికెట్ మీద రావాలి. ఇండియా అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. కలకత్తా నుంచి వాంకూవర్‌కు అలా టికెట్ అమ్మే ఓడల కంపెనీని ఆ అమ్మకం ఆపేయమని ప్రభుత్వమే ఒత్తిడి చేసింది. చేతిలో 200 డాలర్లు చూపించాలన్నది పైగా మరో షరతు.

ఆ నిబంధనను సవాలు చేయడానికే గుర్దిత్ సింగ్ కోమగతా మారు అనే జపాన్ ఓడను అద్దెకు తీసుకుని 376 మందితో బయల్దేరాడు. 1914 మే 23న వాంకూవర్ రేవు చేరితే, రెండు నెలలు నీళ్ల మీదే నిలబెట్టారు. తిండికీ మంచినీళ్లకూ కటకట. ఒడ్డున ఉన్న మనవాళ్లు చందాలు పోగేసి ఓడ అద్దె కట్టారు, లాయర్లను పెట్టారు. కోర్టులో ఓడిపోయారు. చివరికి యుద్ధనౌకను తెచ్చి నిలిపి జులై 23న వెనక్కి పంపేశారు. దిగనిచ్చింది ఇరవై చిల్లర మందిని. ఓడ కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరాక పోలీసు కాల్పుల్లో ఇరవై మంది దాకా చనిపోయారు. ఈ కోపం అమెరికా, కెనడా పశ్చిమ తీరంలో భారత స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న గదర్ పార్టీకి ఊపునిచ్చింది. ఆ పార్టీలో మన దరిశి చెంచయ్య కూడా ఉన్నాడని చెబితే క్లాసులో తెలుగువాళ్లు ఆశ్చర్యపోతారు.

బ్రిటిష్ కొలంబియాలో మనవాళ్ల ఓటు 1907లో తీసేశారు, 1947లో తిరిగొచ్చింది. ఇక వలసకు కోటా పెట్టారు: 1951 నుంచి భారతదేశం మొత్తానికి ఏడాదికి 150 మంది, 1957లో దాన్ని 300 చేశారు. ఇప్పుడు మనందరం లెక్కలు కట్టుకునే పాయింట్ల పద్ధతి 1967లో మొదలైంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు చదువు చూపించి రాగలిగింది ఆ తర్వాతే. ఆ దారికి ముందు ఎంతమంది తల బాదుకున్నారో పీఆర్ (శాశ్వత నివాస) కార్డు చేతికొచ్చినవాళ్లకు తెలియాలని నా కోరిక.

అపోహ: ఉచిత వైద్యం ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం ప్రజలకిచ్చిన కానుక.

మొదలైంది ఒట్టావాలో కాదు, గోధుమ పండించే సస్కాచెవాన్‌లో. డాక్టరు నిలవని పల్లెల్లో అక్కడి రైతులు ఊరి పన్నుతో డాక్టరుకు జీతమిచ్చి పెట్టుకునేవాళ్లు. ఆ అలవాటు మీదే అక్కడి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) టామీ డగ్లస్ ప్రభుత్వం 1947లో ఆసుపత్రి ఖర్చుల బీమా తెచ్చింది. డాక్టరు ఫీజులకూ అదే పద్ధతి పెట్టేసరికి, 1962 జులై 1న, ప్రావిన్సులోని డాక్టర్లలో చాలామంది సమ్మె కట్టారు. అప్పటికి డగ్లస్ జాతీయ రాజకీయాల్లోకి వెళ్లిపోయాడు, ఆ వేడిని భరించింది అతని స్థానంలో వచ్చిన ప్రీమియర్ వుడ్రో లాయిడ్. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు. జనమే పూనుకుని సహకార క్లినిక్కులు తెరిచారు. 23 రోజులకు రాజీ కుదిరింది. 1964 ఎన్నికల్లో లాయిడ్ ఓడిపోయాడు. గెలిచిన ప్రతిపక్షం మాత్రం ఆ పథకాన్ని తీసేసే సాహసం చేయలేదు. 1966లో జాతీయ చట్టం వచ్చింది, 1972కల్లా అన్ని ప్రావిన్సులూ చేరాయి. పేర్లు అడిగితే అందరూ డగ్లస్ అనే చెబుతారు. లాయిడ్‌ను కూడా తలుచుకోవాలంటాను నేను.

అపోహ: 1918లో ఆడవాళ్లందరికీ ఓటొచ్చింది.

అది పార్లమెంటు ఎన్నికలకు, అదీ అందరికీ కాదు. క్యూబెక్ ప్రావిన్సు ఎన్నికల్లో 1940 దాకా ఆడవాళ్లు ఓటేయలేదు. రిజర్వుల్లో (మూలవాసులకు కేటాయించిన నేలల్లో) బతికే ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసులు, ఆడైనా మగైనా, తమ చట్టబద్ధ హోదా వదులుకోకుండా పార్లమెంటుకు ఓటేయగలిగింది 1960 నుంచే.

అపోహ: మూలవాసులతో ఒప్పందాలు ఎప్పటివో, ఇప్పుడెందుకు?

ఇళ్ల నుంచి దూరంగా రెసిడెన్షియల్ బడుల్లోకి లాక్కెళ్లిన సుమారు లక్షన్నర మంది మూలవాసుల పిల్లల గురించి ఇప్పుడు చాలామంది వినే ఉంటారు. ఒప్పందాల సంగతే తెలియదు. 1850లో హ్యూరాన్, సుపీరియర్ సరస్సుల ఉత్తరాన ఉన్న అనిషినాబే ప్రజలతో రాబిన్సన్ ఒప్పందాలు కుదిరాయి. ఏటా కొంత సొమ్ము ఇస్తాం, భూమి మీద ఆదాయం పెరిగితే నష్టపోకుండా ఇవ్వగలిగినంత ఆ సొమ్మూ పెంచుతాం అని రాశారు. 1875లో దాన్ని మనిషికి 4 డాలర్లు చేశారు. ఆ నేలలోనే సడ్‌బరీ నికెల్ గనులున్నాయి, అడవులున్నాయి. ఎంత సంపద తవ్వి తీసుకెళ్లినా అక్కడివాళ్లకు ఏడాదికి ఆ 4 డాలర్లే. వాళ్లు కోర్టుకెక్కారు. 2023లో హ్యూరాన్ వైపు వాళ్లకు వెయ్యి కోట్ల డాలర్ల పరిష్కారం కుదిరింది. 2024 జులైలో సుప్రీంకోర్టు ప్రభుత్వం మాట తప్పిందని తేల్చి, సుపీరియర్ వైపు వాళ్లకు ఎంత ఇవ్వాలో ఆరు నెలల్లో నిర్ణయించమని ఆదేశించింది.