ముందు స్పీకర్లకి ఎంత యాంప్, వెనక వాటికి ఎంత? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను కార్ ఆడియో ఫిట్టింగ్ చేస్తాను. షాపుకి వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి డబ్బులు పెట్టేస్తారు. చూడాల్సింది దాని కింద చిన్నగా రాసి ఉండే ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు (ఆగకుండా అందే పవర్), ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ అడ్డుపడే కొలత).

అపోహ: స్టీరియోలోనే 50×4 (నాలుగు ఛానళ్లకి తలా 50 వాట్లు) ఉంది, ఇంక విడిగా యాంప్ (యాంప్లిఫయర్) ఎందుకు?

ఆ 50 క్షణకాలం అందే పీక్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. మామూలు స్టీరియో దాన్ని పెంచుకోలేదు. 14.4ని 14.4తో గుణించి, 4 ఓమ్‌ల స్పీకర్ కాబట్టి దానికి రెట్టింపు 8తో భాగించండి. 26 వాట్లు కూడా రావు. నిజంగా శుభ్రంగా అందేది ఇంకా తక్కువ. విడి యాంప్‌లో ఆ వోల్టేజీని పెంచే సర్క్యూట్ ఉంటుంది. తేడా అంతా అక్కడే.

అపోహ: యాంప్ చిన్నదైతే స్పీకర్‌కి ప్రమాదం లేదు.

ఒకాయన డిజైర్ తెచ్చారు, ముందు ట్వీటర్లు (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) రెండూ పోయాయి. "స్పీకర్లు 80 వాట్లవి, యాంప్ 30 వాట్లదేనండీ, ఎలా కాలాయి?" అని అడిగారు. చూస్తే యాంప్ మీది గెయిన్ నాబ్ చివరికంటా తిప్పి ఉంది. ట్వీటర్ విప్పితే వెంట్రుకంత సన్నటి కాయిల్ నల్లగా మాడిపోయి, వార్నిష్ కాలిన వాసన వచ్చింది.

యాంప్‌ని దాని శక్తికి మించి లాగితే తరంగం కొసలు తెగిపోతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటాం. అప్పుడు సగటు పవర్ పెరుగుతుంది, పాటలో లేని కీచు శబ్దాలు పుడతాయి, అవన్నీ క్రాసోవర్ (ఏ స్వరం ఏ స్పీకర్‌కి పోవాలో విడదీసేది) మీదుగా ట్వీటర్‌కే పోతాయి. చిన్న యాంప్‌ని దాని హద్దులో వాడితే ఏమీ కాదు. నేనైతే 60 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ స్పీకర్‌కి ఛానల్‌కి 50 నుంచి 75 ఇచ్చే యాంప్ పెడతాను.

అపోహ: గెయిన్ అంటే వాల్యూమే.

కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ 2 వోల్టులో 4 వోల్టులో, దానికి తగ్గట్టు యాంప్‌ని సరిచేసే నాబ్ అది. నేను స్పీకర్ తీగలు విప్పేసి, బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేసి, వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి 400 హెర్ట్జ్ టోన్ వేస్తాను. చవక మల్టీమీటర్లు అంతకంటే పైన చాలావరకు తప్పు చూపిస్తాయి. యాంప్ ఛానల్‌కి 60 వాట్లు ఇచ్చేదైతే, 60ని 4 ఓమ్‌లతో గుణిస్తే 240, దాని వర్గమూలం 15.5. మీటర్ ఏసీలో 15.5 వోల్టులు చూపించగానే ఆపేస్తాను. పది నిమిషాల పని, దయచేసి మీ ఫిట్టర్‌తో చేయించుకోండి.

అపోహ: వెనక 6×9లు (6×9 అంగుళాల కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు) పెద్దవి, పెద్ద పవర్ వాటికే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పాట పాడే మనిషి మన ఎదురుగా ఉండాలి, వీపు వెనక కాదు. నాలుగు ఛానళ్ల యాంప్‌లో ముందుకీ వెనక్కీ గెయిన్ వేరుగా ఉంటుంది. ముందు కాంపోనెంట్లని (ట్వీటర్ విడిగా ఉండే స్పీకర్ల సెట్‌ని) సరిగ్గా సెట్ చేసి, హైపాస్ (కింది బాస్‌ని ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, తర్వాత వెనకవి సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచండి. వెనక నుంచి వస్తోందని తెలిసిందంటే ఎక్కువైనట్టే. వెనక సీట్లో పిల్లలో అమ్మానాన్నలో రోజూ కూర్చుంటే ఇంకొంచెం ఇవ్వండి, తప్పులేదు.

అపోహ: వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు.

పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలి. 88కి బదులు 91 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత శబ్దం ఇస్తుందనే కొలత) ఉన్న స్పీకర్ కొంటే ఆ 3 ఊరికే వస్తాయి.

అపోహ: ముందూ వెనకా ఒకే ఛానల్‌కి కలిపేస్తే ఖర్చు కలిసొస్తుంది.

4 ఓమ్‌లవి రెండు ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు. బ్రిడ్జ్ చేసిన (రెండు ఛానళ్లని ఒకటిగా కలిపిన) చాలా యాంప్‌లు దాన్ని మోయలేవు, వేడెక్కి ప్రొటెక్ట్ లైట్ వెలిగిస్తాయి.

చివరిగా ఫ్యూజ్. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది కాపాడేది యాంప్‌ని కాదు, తీగని. బానెట్ కింద ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలు రాకుండా ఆపేది అదొక్కటే.