క్లిప్పుల చుట్టూ పేరుకునే పాచి

పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న కొత్తలో అందరికీ ఒకటే టెన్షన్: ఎక్కడ ఊడిపోతాయో, ఏం తింటే ఏం విరుగుతుందో అని. ఆ జాగ్రత్త తప్పు కాదు. కానీ ఊడిన బ్రాకెట్‌ను (పంటికి అతికించి వైరును పట్టి ఉంచే చిన్న ముక్కను) డాక్టరు మళ్ళీ అతికిస్తారు, వంగిన వైరు మారుస్తారు. మహా అయితే చికిత్స కొన్నాళ్ళు పొడుగవుతుంది. బ్రాకెట్ చుట్టూ పాచి పేరుకుని ఎనామిల్ (పంటి మీది గట్టి పైపొర) మీద పడిన తెల్ల మచ్చ అలా కాదు. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి కాబట్టి శరీరం దాన్ని మళ్ళీ కట్టలేదు. ఏడాదిన్నరో రెండేళ్ళో ఓపిక పట్టి క్లిప్పులు తీయించుకున్నాక, వరస చక్కగా కుదిరిన పళ్ళ మీద బ్రాకెట్ ఉన్నంత మేర మెరుస్తూ, దాని చుట్టూ సుద్ద రాసినట్టు పాలిపోయి కనిపించడం అరుదైన సంగతేమీ కాదు. అందుకే ఇక్కడ విరగడం గురించి కొంచెం, పాచి గురించి ఎక్కువ చెబుతాను.

అసలు పన్ను ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. పన్ను దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందాన ఒక పీచుపొర ఉంటుంది. పేరు పెరియోడాంటల్ లిగమెంట్. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని సర్దుకునేది ఇదే. వైరు పన్నును ఒక పక్కకు నెడితే ఆ పక్కన పీచుపొర నలుగుతుంది, రెండో పక్కన సాగుతుంది. నలిగిన వైపు ఆస్టియోక్లాస్ట్‌లనే కణాలు చేరి ఎముకను కరిగిస్తాయి. సాగిన వైపు ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకను పేరుస్తాయి. ఇలా ఎముక ఒక పక్క తరుగుతూ మరో పక్క పెరుగుతూ ఉంటే, పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. కార్ల్ శాండ్‌స్టెడ్ అనే స్వీడన్ దంతవైద్యుడు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఈ మార్పులను సూక్ష్మదర్శిని కింద చూసి, 1904-05లో వివరంగా రాశాడు.

ఆయన మరో సంగతి కూడా గమనించాడు. బలం మరీ ఎక్కువైతే నలిగిన చోట రక్తం ఆడక పీచుపొరలో కణాలు చచ్చిపోతాయి. ఆ భాగాన్ని శరీరం వెనక నుంచి తొలిచి శుభ్రం చేసుకునేదాకా పన్ను కదలదు. పైగా ఎక్కువ బలానికి వేరు కొస అరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. ‘ఇంకొంచెం గట్టిగా బిగించండి డాక్టరు గారూ, తొందరగా అయిపోతుంది’ అని అడిగేవాళ్ళు ఉంటారు. బిగిస్తే నొప్పి పెరుగుతుందేమో గానీ పని వేగంగా సాగదు.

మొదట్లో వేసే వైరు సాధారణంగా నికెల్, టైటానియం కలిసిన మిశ్రలోహం. ఎంత వంచినా తన ఆకారానికే తిరిగి రావడం దీని గుణం. అమెరికా నావికాదళ ప్రయోగశాలలో పనిచేసిన విలియం బ్యూలర్ దీన్ని తయారుచేస్తే, అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఆండ్రియాసెన్ 1970ల మొదట్లో పళ్ళ చికిత్సలోకి తెచ్చాడు. అంతకుముందు వాడిన స్టీలు వైరు మొదట గట్టిగా లాగి, పన్ను కాస్త జరగగానే పట్టు వదిలేసేది. ఇది మెల్లగా, వారాల తరబడి ఒకే తీరుగా నెడుతుంది.

వైరు వేసిన తర్వాత కొన్ని గంటలకు సలుపు మొదలవుతుంది. మర్నాటికి ఎక్కువై, వారంలోపు చాలావరకు తగ్గిపోతుంది. నలిగిన పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు విడుదల కావడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఎముక కరిగే పనిని మొదలుపెట్టించడంలోనూ వీటి పాత్ర ఉంది. ఐబూప్రోఫెన్ లాంటి మాత్రలు వీటి తయారీనే తగ్గిస్తాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇలాంటి మందులు పళ్ళ కదలికను నెమ్మదింపజేశాయి కాబట్టి చాలామంది డాక్టర్లు పారాసిటమాల్‌కే మొగ్గు చూపుతారు. ఒకటి రెండు మాత్రలతో కొంప మునగదు గానీ, రోజుల తరబడి సొంతంగా మింగడం మంచిది కాదు. చన్నీళ్ళు పుక్కిలించినా కొంత హాయిగా ఉంటుంది. వేడికి స్పందించే నికెల్-టైటానియం వైర్లు చల్లదనానికి కాసేపు మెత్తబడటమే అందుకు ఒక కారణం.

ఇక పాచి. నోట్లో సూక్ష్మజీవులు క్లిప్పులు లేనప్పుడూ ఉంటాయి. అయితే నున్నటి పంటి మీద పెదవులు, బుగ్గలు, నాలుక, లాలాజలం కలిసి కొంత శుభ్రం చేస్తూనే ఉంటాయి. బ్రాకెట్ అతికించాక ఆ నున్నదనం పోతుంది. బ్రాకెట్ అంచులు, వైరు కింద సందు, వైరును పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగులు, బయటికి పొంగిన జిగురు, ఇలా ప్రతి పంటికీ కొత్త మూలలు పుట్టుకొస్తాయి. అక్కడికి నాలుక అందదు, బ్రష్షూ సరిగా అందదు. చిక్కుకున్న చక్కెరనూ పిండిపదార్థాలనూ స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి బ్యాక్టీరియా పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి. పంటి ఉపరితలం దగ్గర పీహెచ్ (ఆమ్లం ఎక్కువైతే తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది.

తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థాయికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. రాబర్ట్ స్టీఫన్ 1940ల్లో గీసిన, దంతవైద్య విద్యార్థులు ఈరోజుకీ చదువుకునే గ్రాఫు దీని గురించే. అందుకే ఎంత తీపి తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. భోజనంతో పాటు తిన్న స్వీటు ఒక్కసారే ఆమ్లాన్ని పుట్టిస్తుంది. బాటిల్ పక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా గుక్క గుక్కగా తాగే కూల్‌డ్రింకుతో లాలాజలానికి కోలుకునే వ్యవధే దొరకదు. పైగా కూల్‌డ్రింకు తనే ఆమ్లం.

పాచి కదలకుండా ఉండిపోతే బ్రాకెట్ పక్కన నాలుగు వారాల్లోనే తెల్ల మచ్చ కంటికి కనిపించవచ్చు. ఆర్థోడాంటిస్టు (క్లిప్పులు వేసే డాక్టరు) మిమ్మల్ని పిలిచేది కూడా సాధారణంగా 4 నుంచి 8 వారాలకు ఒకసారి. అంటే ఒక అపాయింట్‌మెంటు నాడు శుభ్రంగా ఉన్న పన్ను, తర్వాతి దానికల్లా మచ్చ పడి ఉండొచ్చు. ‘నెలనెలా డాక్టరు చూస్తున్నారు కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మచ్చ తెల్లగా ఎందుకుంటుందంటే, ఖనిజాలు పోయిన చోట పైపొర కింద కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు ఏర్పడతాయి. వాటిలో వెలుతురు చెదిరిపోతుంది. ఈ దశలో పన్ను ఇంకా పుచ్చలేదు, గుంట పడలేదు. లాలాజలంలోని కాల్షియం, టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్ కలిసి పోయిన ఖనిజాన్ని కొంతవరకు తిరిగి నింపగలవు. క్లిప్పులు తీశాక నెలల మీద కొన్ని మచ్చలు పలచబడతాయి కూడా. లోతుగా దిగినవి మాత్రం జీవితాంతం కనిపిస్తూనే ఉంటాయి, లేదా వాటిని కప్పడానికి వేరే చికిత్స చేయించుకోవాలి. ఎక్కువగా దెబ్బతినేది పైవరస ముందు పళ్ళలో నడిమి రెంటికీ పక్కనున్నవి. అదీ బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య ఉన్న సన్నటి జాగాలో. నవ్వితే మొదట కనిపించే చోటు అది.

కాబట్టి బ్రష్ చేసేటప్పుడు గురి పెట్టాల్సింది ఆ జాగాకే. పై పళ్ళకు బ్రష్‌ను బ్రాకెట్ పైన చిగురు అంచున ఏటవాలుగా ఆనించి చిన్నగా ఆడించాలి. తర్వాత బ్రాకెట్ మీద, ఆ తర్వాత కింది నుంచి పైకి వాలుగా. కింది పళ్ళకు ఇదే తిరగేసి. మనలో చాలామంది బ్రష్‌ను బ్రాకెట్ల మీదే బరబరా రుద్ది లోహం మెరిస్తే చాలనుకుంటాం. లోహం పుచ్చదు. వైరు కింద సందుల్లోకి చిన్న సీసా బ్రష్షు ఆకారంలో ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ దూర్చాలి. ఫ్లాస్ దారాన్ని వైరు కిందుగా లాగడానికి ప్లాస్టిక్ సూది వంటి ఫ్లాస్ థ్రెడర్ దొరుకుతుంది. ఇది విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను. రోజుకొకసారి రాత్రిపూట చేస్తే చాలు. నీటిధారతో శుభ్రం చేసే పరికరం ఇరుక్కున్న మెతుకుల్ని బాగా తోసేస్తుంది గానీ, పంటికి అంటుకున్న పాచి పొరను బ్రష్ తీసినట్టు తీయదు.

రాత్రి పడుకోబోయే ముందు చేసే బ్రషింగ్ మాత్రం ఎప్పుడూ మానకూడదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి నోట్లో మిగిలిన ఆమ్లాన్ని విరిచే దిక్కుండదు. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉందో లేదో డబ్బా మీద చూడండి. బ్రష్ చేశాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలి. నీళ్ళతో గడగడా పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. డాక్టరు ఫ్లోరైడ్ మౌత్‌వాష్ రాసిస్తే దాన్ని బ్రషింగ్ వెంటనే కాకుండా వేరే వేళ వాడితే లాభం ఎక్కువ. ఎంత బాగా తోముకున్నా అనుమానంగా ఉంటే, పాచికి రంగు పట్టించే మాత్రలు దొరుకుతాయి. ఒకటి నమిలి అద్దంలో చూసుకుంటే ఏయే చోట్ల వదిలేస్తున్నారో రంగు తేలి కనిపిస్తుంది. పిల్లలకు పెద్దవాళ్ళ చీవాట్లకంటే ఇదే బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

చిగుళ్ళ విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. బ్రష్ తగలగానే రక్తం వస్తోందని ఆ చోటును వదిలేస్తారు. రక్తం వచ్చేది సాధారణంగా అక్కడ పాచి ఉండి చిగురు వాచినందువల్లే. వదిలేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయ, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. మూడు వారాల్లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేయడం మొదలుపెట్టాక వాపు దిగిపోయింది. మెత్తటి బ్రష్‌తో శ్రద్ధగా తోముతూ ఉన్నా రెండు వారాలకు రక్తం ఆగకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రాకెట్‌ను అతికించే జిగురును కావాలనే మరీ గట్టిది కాకుండా చూసుకుంటారు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి గరుకుచేస్తే రెసిన్ అనే జిగురు పదార్థం బాగా అతుక్కుంటుందని చూపించాడు. నేటి క్లిప్పులు చాలావరకు ఆ పద్ధతి మీదే నిలబడ్డాయి. అయితే చివర్లో బ్రాకెట్ తీసేటప్పుడు ఎనామిల్ పెచ్చు దాంతో పాటు ఊడి రాకూడదు కదా. అందుకని నమలడాన్ని తట్టుకునేంత పట్టే ఉంటుంది, ఐసుగడ్డ కొరకడాన్ని తట్టుకునేంత కాదు. గట్టివి ముక్కలు చేసి దవడ పళ్ళతో నమలండి, బంకలా సాగేవి మానండి. నిజానికి తిండి కంటే పెన్ను మూతలు, గోళ్ళు కొరికే అలవాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. తినేటప్పుడు జాగ్రత్తగానే ఉంటాం, గోళ్ళు కొరికేటప్పుడు ఆ ధ్యాసే ఉండదు.

బ్రాకెట్ ఊడి వైరుకు వేలాడుతుంటే పీకేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. ‘ఎలాగూ వచ్చే నెల వెళ్తాం కదా’ అని వదిలేస్తే ఆ పంటిని నెట్టేది ఏదీ ఉండదు, ఈలోగా కొంత వెనక్కి పోవచ్చు కూడా. వైరు కొస బుగ్గకు గుచ్చుకుంటే అక్కడ తడి తుడిచి మైనం అద్దాలి. తడి మీద మైనం నిలవదు. చిన్న ముక్క పొరపాటున మింగితే చాలాసార్లు దానంతట అదే బయటికి పోతుంది, అయినా డాక్టరుకు చెప్పండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి అందకపోయినా అది ఊపిరితిత్తుల దారిలోకి వెళ్ళినట్టు భావించి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. దెబ్బలు తగిలే ఆటలు ఆడేవాళ్ళు క్లిప్పుల మీద పట్టే మౌత్‌గార్డు గురించి ముందే అడగాలి. పళ్ళు జరుగుతూ ఉంటాయి కాబట్టి బిగుతుగా పోతపోసినది కొన్నాళ్ళకే సరిపోకుండా పోతుంది.

పై వరసకూ కింది వరసకూ కలిపి తగిలించే రబ్బర్లు ఇస్తే, అవి పూర్తిగా మీ చేతిలోని పని. నోటి తడిలో రబ్బరు మొదటి రోజులోనే బలం గణనీయంగా కోల్పోతుంది, అందుకే రోజూ కొత్తవి మార్చమంటారు. నిన్న మర్చిపోయానని ఇవాళ రెండేసి తగిలించడం వల్ల లాభం లేదు. ఎక్కువ బలం ఏం చేస్తుందో పైన చూశాం.

క్లిప్పులు తీశాక, పళ్ళను కొత్త చోటే నిలిపి ఉంచే రిటైనర్ ఇస్తారు. పన్ను చుట్టూ ఉన్న పీచుపొర కొత్త చోట కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగురులోని సాగే పీచులకు ఏడాది దాకా పడుతుంది. ఆలోగా పట్టు వదిలితే పళ్ళు పాత దారి పడతాయి. తీసి పెట్టుకునే రిటైనర్‌ను వేడినీళ్ళతో కడగకూడదు, ఆకారం పోతుంది. కొందరికి కింది ముందు పళ్ళ వెనక సన్నటి వైరు శాశ్వతంగా అతికిస్తారు. నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా అక్కడే, అందుకని గార (గట్టిపడిన పాచి) అన్ని చోట్లకంటే తొందరగా పట్టేదీ అక్కడే. ఆ వైరు ఉన్నంతకాలం ఫ్లాస్ థ్రెడర్ పారేయకండి.