క్రీమ్‌లో మనమే క్రిములు కలిపితే

హన్మకొండ

బంగారాలూ,

మీరు చేసి పెట్టిపోయిన కలబంద జెల్ వారానికే బూజు పట్టింది. "కొన్నది నెలల తరబడి ఎట్లా ఉంటది తాతా?" అని ఫోన్‌లో అడిగారు కదా, ల్యాబ్‌లో పనిచేసినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

కొన్నదాంట్లో ఫినాక్సీ ఇథనాల్ లాంటి ప్రిజర్వేటివ్, అంటే పాడవకుండా కాపాడే మందు ఉంటుంది, ఒక శాతానికి మించకుండా. అది నిజంగా కాపాడుతోందా అని తేల్చడానికి మంచి క్రీమ్‌లో మనమే క్రిముల్ని కలుపుతాం. దీన్నే ఛాలెంజ్ టెస్ట్ అంటారు. ఐఎస్ఓ 11930 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో మూడు బ్యాక్టీరియాలు, ఒక ఈస్ట్, ఒక బూజు, దేనికది వేరే డబ్బాలో. బ్యాక్టీరియా అయితే గ్రాముకు లక్ష నుంచి పది లక్షలు. వాటిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మహా మొండి ఘటం. కాస్త తడి దొరికితే చాలు, బతికేస్తుంది. గీరుకున్న కంట్లో పడితే చూపుకే ముప్పు.

7, 14, 28 రోజులకు కొంచెం కొంచెం తీసి లెక్కపెడతాం. వారంలో బ్యాక్టీరియా వెయ్యో వంతుకు పడిపోవాలి, మళ్లీ పెరగకూడదు. బూజుకు మాత్రం గడువు ఎక్కువ: 28వ రోజుకు పదో వంతుకు దిగితే పాసే.

అసలు చిక్కు లెక్క దగ్గరే. క్రీమ్‌ను అగర్ ప్లేటు (క్రిములు పెరిగే జెల్లీ ఉన్న పళ్లెం) మీద పోస్తే ప్రిజర్వేటివ్ కూడా వెంట వస్తుంది. చావని క్రిముల్ని కూడా ప్లేటు మీద పెరగనివ్వదు. ప్లేటు ఖాళీగా కనిపిస్తుంది, "అన్నీ చచ్చాయి" అని మనం సంబరపడతాం. అందుకే ముందుగా లెసిథిన్, పాలీసార్బేట్ 80 ఉన్న ద్రవంలో క్రీమ్‌ను కలిపి ప్రిజర్వేటివ్ పని ఆపేస్తాం. ఆపామని వేరుగా రుజువు చేయాలి కూడా. నన్నడిగితే, రిపోర్టులో మొదట చూడాల్సింది ఈ రుజువే.

ఇంకో మాట. ఈ 28 రోజులూ డబ్బాలు ఉండేది 20–25 డిగ్రీల్లో. మే నెలలో మన వరంగల్ బాత్‌రూమ్ అట్లా ఉంటుందా? పైగా పరీక్షలో క్రిముల్ని కలిపేది ఒక్కసారే, మీరు వేళ్లు ముంచేది రోజూ. అందుకే వెడల్పు మూతి డబ్బా కన్నా పంపు సీసా మేలంటాను.

నానమ్మ కుంకుమ భరిణెకు ఈ పరీక్ష ఎందుకు లేదని చిన్నది అడిగింది. అందులో నీరు లేదు, నీరు లేనిచోట ఇవి పెరగలేవు. తడి చేయి పెట్టనంత వరకే సుమా.

మీ తాత