రేగడి మట్టిలో భాస్వరం ఎంత దూరం పోగలదు?

కోనసీమలో భాస్వరం ఎరువును ఆఖరి దమ్ములోనే వేసేయమంటారు. డీఏపీ గుళిక నీళ్లలో తేలిగ్గానే కరుగుతుంది. కానీ అందులోని ఫాస్ఫేట్, అంటే మొక్క తీసుకునే భాస్వరం రూపం, మట్టిలో చేరాక పంటకాలమంతా గడిచినా తనంతట తానుగా కొద్ది మిల్లీమీటర్లు జరిగితే గొప్పే. చేను నిండా నీరున్నా ఇంతే.

నిజానికి నీళ్లలో కరిగిన కణం ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండదు. నీటి అణువులు అన్నివైపుల నుంచీ ఢీకొడుతుంటే దిక్కు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోంచి వచ్చిన రేణువుల్లో ఈ కదలికను చూశారు. 1905లో ఐన్‌స్టీన్ దీనికి లెక్క కట్టారు: రెండింతల దూరం వ్యాపించాలంటే నాలుగింతల సమయం కావాలి.

అది అడ్డూ ఆపూ లేని నీళ్ల సంగతి. మన డెల్టా రేగడిలో నీటిదారి వంకరటింకరగా ఉంటుంది, దాని అంచులు ఫాస్ఫేట్‌ను పట్టుకుంటాయి. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లున్న చోట గట్టిగా అతుక్కుంటుంది, పక్కనే మరోచోట వదులుగా. అంటే పైకి నున్నగా కనిపించే మట్టి రేణువు కూడా ఫాస్ఫేట్‌కు గుంటలు పడిన నేలే. గుంటలో పడితే, బయటికి తోసేంత పెద్ద తాకిడి తగిలేదాకా అక్కడే ఆగిపోవాలి. కాలమంతా నడకలో కాదు, ఈ ఎదురుచూపులోనే పోతుంది.

గుంట లోతు కాస్త పెరిగితే ఎదురుచూపు కాస్త పెరగడం కాదు, ఎన్నో రెట్లవుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. శక్తిలో ఎగుడుదిగుళ్లున్న, అంటే ఇలాంటి గుంటలున్న తలం మీద వ్యాపనానికి 1988లో రాబర్ట్ జ్వాంజిగ్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చారు. ఆ ఎగుడుదిగుళ్లు కణానికి వేడివల్ల అందే శక్తికి రెండింతలుంటే వ్యాపనం సుమారు 55వ వంతుకు పడిపోతుంది. మూడింతలైతే 8,000వ వంతుకు! మట్టి ఆయన ఊహించిన తలంకన్నా చాలా చిక్కైనది, అయినా అందులో ఫాస్ఫేట్ వేగం మామూలు నీళ్లలోకన్నా వెయ్యి రెట్లకు పైగా తగ్గడం మనం చూస్తున్నదే.

వరికి ఒక మేలుంది. నీరు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ అయిపోయాక ఇనుము ఆక్సైడ్లు కరగడం మొదలై, పట్టుకున్న ఫాస్ఫేట్‌ను వదులుతాయి. నీటిదారులూ తెగకుండా ఉంటాయి. వరి కోసి మినుము వేసేసరికి ఇదంతా తిరగబడుతుంది. చేను ఆరేకొద్దీ గాలి తగిలి ఇనుము మళ్లీ ఆక్సైడై ఫాస్ఫేట్‌ను పట్టేస్తుంది, నీటి పొరలు పలచబడతాయి. వరికి సరిపోయిన చేలోనే మినుముకు భాస్వరం చాలకపోవచ్చు.